బ్యుకాలిక్, పాస్టొరల్, ఆర్కేడియన్: పల్లె బతుకుకు ఏ మాట మేలు?

ఇంగ్లిష్ రచనను తెనిగించేవారికి పచ్చని పల్లె వర్ణనలో ఈ మూడు మాటలూ తరచుగా ఎదురవుతాయి. నిఘంటువులు మూడింటికీ ఇంచుమించు ఒకే అర్థం చెప్తాయి గానీ, వాటి పుట్టుక తెలిసినవారు ఒకదాని చోట మరొకదాన్ని వాడలేరు.

పాస్టొరల్‌కు మూలం గొర్రెల కాపరి అనే అర్థమున్న లాటిన్ మాట 'పాస్టర్'. మన ఊళ్లలో పాస్టరుగారు అన్నా అదే మాట. అందువల్ల దీనికి పల్లెతో పాటు చర్చి వాసన కూడా అంటుకుని ఉంటుంది.

ఆర్కేడియా గ్రీసులోని పెలొపొనీస్ ద్వీపకల్పం నడుమ ఉన్న కొండసీమ. అక్కడే పుట్టిన చరిత్రకారుడు పొలీబియస్ ఆ నేల చలిని, బతుకులోని కాఠిన్యాన్ని చెప్పి, మనసులను మెత్తబరచడానికే పూర్వులు పిల్లలకు సంగీతం నేర్పించారని రాశాడు. తరువాతి కవులు ఆ సీమనే నిత్యవసంతంగా మార్చారు కనుక, ఈ మాట ఊహల్లోని పల్లెకే తగినది.

నా మొగ్గు మాత్రం బ్యుకాలిక్ వైపే. గ్రీకులో 'బౌకోలోస్' అంటే పసులకాపరి. 'బౌస్' మన 'గో' శబ్దానికి తోబుట్టువు. 'కోలోస్'కు మూలమైన ధాతువే సంస్కృతంలో 'చర' అయింది. అంటే ఆవులు తిరిగే మేర అన్న అర్థంతో మొదలై, కంటికి ఆనే మేరకు విస్తరించిన మన 'గోచరం'లోనూ ఆ రెండు ధాతువులే ఉన్నాయి. 3,000 ఏళ్లకు పైబడిన గ్రీకు మట్టిపలకల మీద ఈ వృత్తినామం కనిపిస్తుంది. ఐరిష్‌లో దీని బంధువుకు ఇప్పుడు 'అబ్బాయి' అని అర్థం.

ఈ మాట కేవలం తీపిని పలుకుతుందనే అభ్యంతరం నిలవదు. క్రీ.పూ. 1వ శతాబ్దిలో లాటిన్ కవి వర్జిల్ రాసిన 'బుకాలికా' మొదటి కవితలోనే, సైనికులకు పంచడానికి లాక్కున్న భూములు కనిపిస్తాయి: ఒకడు చెట్టు నీడన పిల్లనగ్రోవి ఊదుతుంటే, పొలం పోయిన రెండోవాడు ఒక మేకను బలవంతాన లాక్కెళ్తుంటాడు, అది అప్పుడే ఈనిన రెండు పిల్లలను చెకుముకి రాతి మీద వదిలేసి వచ్చింది.

తెలుగులో దీనికి 'గ్రామీణ' అంటే సర్వేల భాషలా ఉంటుంది, 'గోపాలక' అంటే రేపల్లె కృష్ణుడే కళ్లముందు నిలుస్తాడు. ఆ కవితలను నేను 'పసులకాపరి పాటలు' అనే అంటాను.