ఓబీడీ అడాప్టర్ మూడేళ్ల వాడకం: కారు కంప్యూటర్ ఏం రాసుకుంటుంది, ఏం రాసుకోదు

కారు కంప్యూటర్ మన ప్రయాణమంతా దాచిపెట్టుకుంటుందని, కారు కంప్యూటర్‌ని చదివే ఈ చిన్న ఓబీడీ బ్లూటూత్ అడాప్టర్ గుచ్చితే అదంతా బయటికొస్తుందని నమ్మి కొనేవాళ్లు చాలామంది. మూడేళ్లుగా ఒక పెట్రోలు కారులో, ఒక డీజిల్ కారులో వాడుతున్నాను. అలా ఏమీ రాదు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) దగ్గర ఉండేవి ఈ క్షణపు అంకెలు, ఏదైనా తప్పు దొరికినప్పటి అంకెలు, ఇంకా కొన్ని లెక్కల మీటర్లు. నిన్న ఏ వేగంతో వెళ్లామో అందులో ఉండదు. యాప్‌లో కనిపించే ట్రిప్ లాగ్ ఫోన్ రాసుకున్నది. ఫోన్ కలపని రోజు లాగ్ ఖాళీ.

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌లో జత చేయాలి. కోడ్ మామూలుగా 1234 గానీ 0000 గానీ ఉంటుంది. తర్వాత యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి అడాప్టర్‌ని విడిగా ఎంచుకోవాలి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఐఫోన్ అయితే పాత తరహా బ్లూటూత్ అడాప్టర్ మామూలుగా పనిచేయదు, బ్లూటూత్ ఎల్ఈ లేదా వైఫై రకం తీసుకోవాలి. కొన్న వెంటనే యాప్‌లో వీఐఎన్ (కారు గుర్తింపు సంఖ్య) అడిగి చూడండి. కొన్ని పాత కార్లు దాన్ని ఇవ్వవు, కానీ ఇచ్చే కారులో 17 అక్షరాలూ సరిగ్గా రాకపోతే లోపలి చిప్ నాసిరకం కావచ్చు, వాపసు చేయడం మేలు. ప్యాకెట్ మీద చిప్ పేరు ఈఎల్ఎం327 వెర్షన్ 1.5 అని ఉంటే అది నకలే, అసలు తయారీదారు ఆ వెర్షన్‌ను విడుదల చేయనే లేదు.

వేగం ఒకే బైట్‌లో వస్తుంది కాబట్టి 0 నుంచి 255 వరకు పూర్ణాంకాలే. డాష్‌బోర్డు ముల్లు కంటే ఇక్కడ కొంచెం తక్కువ కనిపిస్తే కంగారు పడొద్దు, ముల్లును కావాలనే కాస్త ఎక్కువ చూపేలా అమరుస్తారు. కూలెంట్ వేడి మాత్రం తప్పకుండా తెర మీద పెట్టుకోవాలి. చాలా కార్లలో డాష్‌బోర్డు ముల్లు మధ్యలోనే కదలకుండా ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా హైవే మీద 70 డిగ్రీల దగ్గరే ఆగిపోతే థర్మోస్టాట్ (కూలెంట్ దారిని మూసి తెరిచే వాల్వు) తెరుచుకునే ఉండిపోయి ఉండొచ్చు.

ఈ అడాప్టర్ విలువంతా నా లెక్కలో ఫ్రీజ్ ఫ్రేమ్ దగ్గరే ఉంది. తప్పు నమోదైన క్షణంలో ఆర్‌పీఎం, వేగం, ఇంజిన్ లోడ్, కూలెంట్ వేడి, ఫ్యూయల్ ట్రిమ్ (ఇంధనాన్ని ఈసీయూ ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో) ఎంతెంత ఉన్నాయో ఈసీయూ ఒక్కసారి ఫొటో తీసినట్టు పట్టిపెడుతుంది. పీ0171 (గాలికి తగినంత ఇంధనం లేదని చెప్పే కోడ్) పడి, ఫ్రేమ్‌లో ఆర్‌పీఎం 800, అంటే ఐడిల్‌లో ఉండి, ట్రిమ్ ప్లస్ 20 శాతం పైన ఉంటే ముందు ఇన్‌టేక్ గొట్టాల్లో గాలి లీకు వెతకాలి. అదే ఎక్కువ లోడులో పడితే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ వైపు చూడాలి. చెక్ ఇంజిన్ లైటు వెలగగానే ‘క్లియర్’ నొక్కేస్తే ఈ ఆధారమంతా పోతుంది. రెడీనెస్ మానిటర్లు (పొగ నియంత్రణ భాగాలను ఈసీయూ తనంతట తాను పరీక్షించుకుందో లేదో చెప్పేవి) కూడా మొదటికొస్తాయి, ఎమిషన్ పరీక్షలో వీటిని చూసే చోట్ల ముందుగా అలా చేస్తే వెనక్కి పంపే అవకాశం ఉంది. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ‘కోడ్లు తుడిచాక తిరిగిన దూరం’ అనేదీ ఈసీయూ లెక్కపెడుతుంది. పాత కారు కొనేటప్పుడు అక్కడ 20 కిలోమీటర్లే కనిపిస్తే ఎందుకు తుడిచారో అమ్మేవాళ్లని అడగాల్సిందే. బ్యాటరీ తీసి పెట్టినా కొన్ని కార్లలో ఈ లెక్క సున్నా అవుతుంది.

మైలేజీ అంకెల్ని అలాగే నమ్మొద్దు. మాఫ్ సెన్సర్ సెకనుకు లోపలికి వెళ్లే గాలిని గ్రాముల్లో చెబితే, యాప్ 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు అని భాగిస్తుంది. ఐడిల్‌లో గాలి 3 గ్రాములుంటే గంటకు దాదాపు లీటరు. కానీ గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజెక్టర్లు ఆగిపోతాయి, గాలి మాత్రం వెళ్తూనే ఉంటుంది. యాప్ దాన్నీ ఖర్చు కింద రాసేస్తుంది. ట్యాంకు నిండుగా కొట్టించి, 300 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ నింపి, పట్టిన లీటర్లతో యాప్‌లో సవరణ చేస్తే దారికొస్తుంది. డీజిల్‌లో గాలి ఎప్పుడూ అవసరానికి మించే వెళ్తుంది కాబట్టి ఈ లెక్క అసలు పనికిరాదు. ఈసీయూ తానే ఇంధన ప్రవాహాన్ని చెప్పే కారైతేనే చూడండి.

పెద్ద లోపం కరెంటు. సాకెట్‌లో 16వ పిన్నుకి తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు అందుతూనే ఉంటుంది. నా అడాప్టర్ మీటరు మీద 45 మిల్లీఆంపియర్లు లాగుతోంది, అంటే రోజుకు ఒక ఆంపియర్ అవర్ పైనే. మూడు వారాలు నిలిపి ఉంచితే 45 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం ఖాళీ. స్విచ్ ఉన్నదో, దానంతటదే నిద్రపోయేదో తీసుకోవాలి, లేదా దిగేటప్పుడు పీకేయాలి.

ప్రమాదానికి ముందు 5 సెకన్ల వేగం, బ్రేకు, యాక్సిలరేటర్, సీటు బెల్టు వివరాలు దాచేది ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్. దాన్ని ఈ అడాప్టర్ చదవలేదు, అందుకు వేరే పరికరం కావాలి. జత చేసిన ఫోన్ల పేర్లు, కాంటాక్టులు, నావిగేషన్‌లో వెతికిన చిరునామాలు ఉండేది మ్యూజిక్ సిస్టంలో. అడాప్టర్‌తో కోడ్లు తుడిస్తే అవి చెరగవు. కారు అమ్మే ముందు ఆ సిస్టం సెట్టింగుల్లోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి.