రికుగియెన్ తోటలో రేవు
టోక్యోలోని రికుగియెన్ గురించి ఎవరు అడిగినా, మార్చి నెలాఖరున రాత్రి దీపాల వెలుగులో కొమ్మలు నేలకు జారిన ఆ చెర్రీ చెట్టును చూసి తీరాలని మొన్నమొన్నటి వరకు నేనే చెప్పేవాణ్ణి. నాలుగేళ్లుగా ఏడాది పాసు మీద అన్ని ఋతువుల్లోనూ తిరిగాక ఆ మాటను కొంత సవరించుకోవలసి వస్తోంది. చెట్టు అందంలో లోపం లేదు గానీ, ముందువాళ్లు పైకెత్తిన ఫోన్ల సందుల్లోంచి కనిపించినంత మేరకే మనకు దక్కుతుంది.

నా మటుకు ఈ తోట జూన్ వానల్లోనే బాగుంటుంది. విజయవాడ నుంచి వచ్చిన అమ్మను నిరుడు ఆ నెలలోనే తీసుకువెళ్లాను. కొమగొమె స్టేషన్‌కు దగ్గరలోని సొమెయ్ ద్వారాన్ని రద్దీ రోజుల్లో తప్ప తెరవరన్న సంగతి మరిచి, మోకాళ్ల నొప్పులున్న మనిషిని గొడుగు కింద ప్రహరీ చుట్టూ పెద్ద గేటు దాకా నడిపించినందుకు దారి పొడవునా అక్షింతలు పడ్డాయి.

పువ్వులేని చెర్రీ చెట్టును దాటి ఒడ్డున నిలబడగానే, ఆమె నీటి అంచు వెంట ఆ చివరి దాకా చూసి, "ఇంత చెరువుకి ఒక్క రేవైనా లేదేంట్రా, కాళ్లెక్కడ కడుక్కుంటారు?" అని అడిగింది. 1702లో అప్పటి సామంత ప్రభువు యనగిసావా యోషియాసు పూర్తిచేయించిన ఈ తోటలో వాకా అనే ప్రాచీన జపనీస్ కవితల్లోని చోట్లను 88 దృశ్యాలుగా మలిచారనీ, ఇది చెరువు కాదు, వాకానొఉరా సముద్రతీరానికి నమూనా అనీ నేను పెద్దరికంగా వివరించాను. "సముద్రానికైనా రేవుంటుందిగా" అంది. జవాబు తోచక, పక్కనున్న చిన్న రాతి స్తంభం మీది అక్షరాలను ఫోన్‌లో వెతికితే, మేము నిలబడిన చోటి పేరు దెషియో నొ మినాతొ అని తేలింది. మినాతొ అంటే రేవే. మూడేళ్లపాటు నేను ఆ రాతిని చూడనైనా చూడకుండా దాటిపోయాను.

రెండు పెద్ద రాతి పలకలు పరిచిన తొగెత్సుక్యో వంతెన మీద మాత్రం, తడిసి ఉందని, ఆమె కాలు పెట్టలేదు.

చలికాలంలో పైన్ కొమ్మలు మంచు బరువుకు విరగకుండా గొడుగు ఊచల్లా తాళ్లు కడతారు; టోక్యోలో అంత మంచు ఎప్పుడో గానీ పడదు కనుక అది కంటికింపుకే అనుకోవాలి. వేసవి దోమల సంగతి చెప్పనక్కరలేదు.

యమనోతె లైనులో మా ఇంటికి మూడు స్టేషన్లే కనుక, వాన పట్టిన పూట అరగంట తిరిగి రావడం నాకు చెల్లుతుంది. 300 యెన్లు పెట్టి ఒక్కసారే చూసేవారికి మార్చి రద్దీయే నయం కావచ్చు. అమ్మ మాత్రం ఈసారి వస్తే ఎండ కాసే రోజునే, అదీ నేరుగా పెద్ద గేటుకే అంటోంది.