హాస్పిటల్ సంచిలో ఒక చిన్న దిండు: మూడు ఆపరేషన్ల తర్వాత నా అనుభవం

మా ఇంట్లో వరసగా మూడు ఆపరేషన్లు అయినాయి. 2022లో నా గర్భసంచి, మరుసటేడు అమ్మకి గాల్‌బ్లాడర్, 2025లో నాయనకి మోకాలి మార్పిడి, మూడూ బెంగళూరులోనే, మూడుసార్లూ సంచి సర్దింది నేనే. ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు, పాత రిపోర్టులు, ముందు గుండీలుండే నైటీలు, పొడుగు ఛార్జర్ వైరు, ఇవన్నీ ఎవరినడిగినా చెప్తారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్క దిండు గురించే.

ఆ దిండు మా బాబు పసిపిల్లాడిగా ఉన్నప్పుడు అమ్మ మదనపల్లెలో కుట్టింది. పాత నూలు చీర గుడ్డ, లోపల బూరుగు దూది, మూరెడు కూడా ఉండదు. నా అడ్మిషన్ ముందురోజు రాత్రి అమ్మ దాన్ని సంచిలో పెడితే నేను తీసి పక్కన పెట్టేసినా, అక్కడ దిండ్లు వాళ్ళే ఇస్తారు కదమ్మా అని. "ఉండనీలే పాపా, ఏమన్నా బరువా" అని మళ్ళీ పెట్టింది. దాంతో ఏం పని పడుతుందో ఆమెకి కూడా తెలీదు, కొత్త చోట నాకు నిద్ర పట్టదని పెట్టింది అంతే.

నాది ల్యాప్రోస్కోపీ కాదు, గడ్డలు పెద్దవని పొత్తికడుపు మీద అడ్డంగా కోసి తీసినారు. మొదటి రోజు పోస్ట్ ఆప్ వార్డులో ఉంచినారు, అక్కడికి మన వస్తువులేవీ రానివ్వలేదు. మత్తిచ్చేటప్పుడు గొంతులో పెట్టిన ట్యూబు వల్లనో ఏమో, సాయంత్రానికి గొంతులో కఫం గరగరమంటోంది, దగ్గు వస్తోంది, దగ్గాలంటే మాత్రం భయం. కడుపు బిగిసిన ప్రతిసారీ కుట్లు తెగిపోతాయేమో అన్నట్టు లాగుతోంది, ఊపిరి బిగబట్టి దగ్గుని మింగేస్తున్నా. నైట్ డ్యూటీ సిస్టర్ అది కనిపెట్టి, దగ్గకపోతే కఫం ఊపిరితిత్తుల్లోనే నిలిచిపోయి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉందని చెప్పి, ఒక దుప్పటి మడిచి నా పొట్టమీద పెట్టి, నా రెండు చేతులూ దానిమీద వేయించి కన్నడలో "హిడ్కొండు కెమ్మి" అనింది. పట్టుకొని దగ్గండి అని. దగ్గినా. నొప్పి లేదని చెప్పను, ఉంది, కానీ లోపల్నించి తోసుకొచ్చే దానికి బయటి నుంచి ఒక చెయ్యి అడ్డం పెట్టినట్టయింది. కఫం బయటికొచ్చింది, నాకు ఏడుపు కూడా వచ్చింది.

మర్నాడు రూముకి మార్చినాక అమ్మ ఆ చిన్న దిండు తీసి చేతికిచ్చింది. దుప్పటి మడత జారిపోతుంది, హాస్పిటల్ దిండేమో పెద్దది, రెక్సిన్ కవరు, పొట్టమీద నిలవదు. ఇది సరిగ్గా కుట్ల మేరకి కూర్చుంది, బూరుగు దూది కదా, నొక్కితే పొట్ట వంపుకి తగ్గట్టు ఒదిగింది. ఊపిరితిత్తులకి వ్యాయామం ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ పీల్చినాక దగ్గమన్నప్పుడు, పక్కకి తిరిగి మంచం దిగేటప్పుడు, తుమ్ము వచ్చేట్టున్నప్పుడు, అన్నిటికీ అదే. ఇంకొకటి, రంగు చీర గుడ్డ కాబట్టి పక్కగుడ్డలు మార్చేవాళ్ళు తెల్ల దిండ్లతో కలిపి ఎత్తుకుపోలేదు.

కానీ దాని అసలు విలువ నాకు తెలిసింది డిస్చార్జి రోజున. పొద్దున రౌండ్స్‌లో ఇంటికి పోవచ్చన్నారు, ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటింది (డిస్చార్జి అడిగిన మూడు గంటల్లోపు తేల్చాలని ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది, అప్పట్లో ఆ రూలు లేదు). జయనగర్ వైపు నుంచి మారతహళ్ళికి పోవాలి, అంటే సిల్క్ బోర్డు దాటి అవుటర్ రింగ్ రోడ్డు, అది కూడా ట్రాఫిక్ టైములో, పైగా అప్పుడు మెట్రో పనులకని రోడ్డంతా తవ్వి పెట్టినారు. క్యాబ్ మొదటి హంప్ ఎక్కి దిగినప్పుడు నా ప్రాణం పోయినంత పనైంది. సీటు బెల్టు సరిగ్గా కుట్లమీదే వస్తుంది, తీసేద్దామంటే మా ఆయన ఒప్పుకోలేదు, ఆయన అనిందే కరెక్టు, బెల్టు తీయకూడదు. అప్పుడు దిండు బెల్టుకీ పొట్టకీ మధ్యలో పెట్టి రెండు చేతులతో హత్తుకున్నా, రెండో హంప్ వచ్చింది, మూడోది వచ్చింది, గుంత వచ్చింది, కుదుపు తెలుస్తోంది కానీ కుట్లదాకా రావడంలేదు, డ్రైవర్ తెలుగాయన, పలమనేరు వైపట, అద్దంలో చూసి "నిదానంగానే పోతాలేక్కా" అని ప్రతి హంపుకీ ముందే చెప్పినాడు, "అక్కా, హంపు" అనగానే నేను దిండు నొక్కి పట్టుకునేది, అట్లా గంటన్నర. ఇల్లు చేరినాక అమ్మ దిండు తీసుకుందామంటే ఇవ్వలేదు, రెండు వారాలు అది నా పక్కలోనే ఉండింది.

ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో, ఊర్లో, ఎవరికి ఆపరేషన్ అన్నా నేను ఒకటే మాట, ఏది మరిచినా చిన్న దిండు మరవొద్దు అని. ఇప్పుడు ఆ మాట కొంచెం సరిచేసి చెప్పాల.

అమ్మకి గాల్‌బ్లాడర్ ల్యాప్రోస్కోపీలో తీసినారు, నాలుగు చిన్న రంధ్రాలు. దగ్గేటప్పుడు దిండు కాస్త పనికొచ్చింది, అయితే అమ్మ బాధ అక్కడ కాదు, కుడి భుజంలో. కడుపు ఉబ్బించడానికి పంపిన కార్బన్ డయాక్సైడ్ కొంత లోపల మిగిలి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరాన్ని రాపాడిస్తే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందంట. నేను భుజం కింద దిండు పెట్టి చూసినా, ఏం లాభం లేదు. వరండాలో నాలుగుసార్లు నడిపించినాక, రెండు రోజులకి దానంతట అదే తగ్గింది.

నాయన విషయంలో మాత్రం నేను తప్పు చేసినా. మోకాలి మార్పిడి అయిన రాత్రి కాలు చాపలేక మూలుగుతా ఉన్నాడు. నాకు అంత మేలు చేసిన దిండు కదా అని మోకాలి కింద పెట్టినా. వెంటనే హాయిగా ఉంది పాపా అన్నాడు, నిద్రపోయినాడు. రెండో రాత్రి కూడా అట్లే పెట్టినా, పగలు ఎవరన్నా వచ్చేలోపు తీసేసేదాన్ని, దాచాలని కాదు, మంచం సర్దేటప్పుడు తీసేదాన్ని. మూడోరోజు ఫిజియోథెరపిస్ట్ పొద్దున్నే వచ్చి చూసింది. ఆ అమ్మాయికి నిజంగా కోపం వచ్చింది. "కాలు నేరవాగి ఇర్బేకు, అమ్మా", కాలు తిన్నగా ఉండాలి అని, దిండు లాగి మడమ కింద పెట్టింది, మోకాలు గాల్లో ఉండి నిటారుగా సాగేట్టు. మోకాలి కింద దిండు ఉంటే హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంగిన చోటే బిగుసుకుపోయి తర్వాత పూర్తిగా చాపడానికి రాదు, మనిషి కుంటుతాడు. అది విన్నాక నాకు ఆరోజు అన్నం దిగలేదు. రెండు రాత్రులకే ఏమీ కాదులెండి అని ఆ అమ్మాయే తర్వాత ధైర్యం చెప్పింది, అయినా నాయన కాలు చాపే ఎక్సర్‌సైజు చేసి నొప్పికి పళ్ళు బిగించినప్పుడల్లా నాకు ఆ దిండే గుర్తొచ్చేది. ఇప్పుడు బాగానే చాపుతున్నాడు, మెట్లు కూడా ఎక్కుతున్నాడు.

దిండులో కూడా లోపాలున్నాయి. బూరుగు దూది ఉతకడానికి కుదరదు, నా దిండుమీద బెటాడిన్ మరక ఇప్పటికీ ఉంది. నాలుగు గలీబులు కుట్టించుకొని రోజుకొకటి మార్చాల, కుట్లు మానని మనిషి పొట్టమీద పెట్టేది కదా. దుమ్ము పడక ఆయాసం వచ్చేవాళ్ళకి పాత బూరుగు దిండు పనికిరాదు, వాళ్ళకి ఉతికే రకం తీసుకోండి. అదీ లేకుంటే మందపాటి టవల్ గట్టిగా మడిచినా చాలావరకు పని జరుగుతుంది, నా మొదటి రాత్రి గడిచింది దుప్పటి మడతతోనే.

కాబట్టి నా మాట ఇది: పొట్ట కోసే ఆపరేషన్ అయితే, సిజేరియన్ అయినా సరే, తప్పకుండా పెట్టుకోండి, ఇంకా మాలాగ హాస్పిటల్‌కీ ఇంటికీ మధ్య పదిహేను కిలోమీటర్ల బెంగళూరు రోడ్డు ఉంటే మరీ. గుండెకి బైపాస్ అయినవాళ్ళకి కూడా ఛాతీకి దిండు హత్తుకొని దగ్గమని చెప్తారు. మోకాలి ఆపరేషన్ అయితే దిండు తీసుకుపోండి, కానీ ఎక్కడ పెట్టాలో ఫిజియోని అడిగేదాకా కాలి దగ్గర పెట్టొద్దు. ప్రస్తుతం మా దిండు పై ఫ్లోర్ అమ్మాయి దగ్గర ఉంది, పోయిన వారం సిజేరియన్ అయింది, ఉతికిన గలీబులు రెండు ఇచ్చి క్యాబ్‌లో బెల్టు కింద ఎట్లా పెట్టుకోవాలో వాళ్ళాయనకి చూపించి వచ్చినా.