పొలిటిఫాక్ట్: అబద్ధం దొరుకుతుంది, వంకర వాదన దొరకదు

అమెరికా నాయకుల మాటల్లో నిజమెంతో తేల్చే పొలిటిఫాక్ట్ వెబ్‌సైట్ 2007లో మొదలైంది, 2009లో దానికి పులిట్జర్ అనే జర్నలిజం అవార్డు కూడా వచ్చింది. 'నిజం' నుంచి 'పాంట్స్ ఆన్ ఫైర్' (అంటే పచ్చి అబద్ధం) దాకా ఆరు మెట్ల మీటర్ ఉంటుంది గానీ, నాకు బాగా నచ్చింది ఆధారాలన్నీ కిందే పెట్టడం, ఆ మాట అన్నవాళ్లనే 'ఈ లెక్క ఎక్కడిది' అని అడగడం. రుజువు చూపాల్సింది మాట్లాడినవాళ్లే కదా!

లోటు ఒకటుంది. అంకెలు నిజమే అయినా, ఎదుటివాళ్లు అనని మాటను వాళ్లకు అంటగట్టి ఖండించడం, అడిగింది వదిలేసి 'మరి మీ హయాంలోనో' అని ఎదురు తిరగడం, ఇవి ఏ మీటర్‌కీ సరిగ్గా చిక్కవు. 'సగం నిజం' అని తీర్పొస్తే ఎవరికి కావాల్సిన సగాన్ని వాళ్లు ప్రచారం చేసుకుంటారు, అది చూస్తే ఒళ్లు మండుతుంది. రేటింగ్ ఒక్కటే చూసి షేర్ చేయకండి, మొత్తం చదవండి.