నాలుగేళ్లు వాడిన 8×42 బైనాక్యులర్: బెంగళూరులో పిట్టల్ని లెక్కపెట్టడానికి ఎంత పనికొచ్చింది

ఈ 8×42 బైనాక్యులర్ (ఎనిమిదింతలు పెద్దగా చూపిస్తుంది, ముందు లెన్స్ వెడల్పు 42 మిల్లీమీటర్లు) 2021 నవంబర్‌లో కొన్నా, పదిహేడు వేలు పడింది. అప్పట్నుంచి దాదాపు ప్రతి ఆదివారం పొద్దున్నే జక్కూర్ చెరువు గట్టు మీద ఒకే దారిలో నడుస్తూ, కనిపించినవీ వినిపించినవీ అన్నీ లెక్కపెట్టి, పిట్టల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ అనే సైట్‌లో పెడుతున్నా. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పేవి చాలావరకు ఈ సైజు గురించి, ఊళ్లో వాడకం గురించి.

ముందు 10×42 తీసుకుందామనుకున్నా, ఎక్కువ దగ్గరగా కనిపిస్తుంది కదా అని. ఫ్రెండ్ దగ్గర రెండు వారాలు అడిగి తెచ్చుకుని చూశాక మనసు మార్చుకున్నా. పదింతలు పెద్దగా చూపిస్తే చేతి వణుకు కూడా పదింతలవుతుంది, కనిపించే మేర తగ్గిపోతుంది, పైగా ఊళ్లో పిట్ట ఎక్కడో కిలోమీటర్ దూరంలో ఉండదు, నెత్తి మీద రెయిన్ ట్రీ కొమ్మల్లోనే ఉంటుంది, ఆకుల మధ్య అటూ ఇటూ గెంతే గ్రీనిష్ వార్బ్లర్ అనే చిన్న పిట్టని పట్టుకోవాలంటే కావాల్సింది వెడల్పు. ఇంకోటి వెలుతురు. 42ని 8తో భాగిస్తే 5.25, అంటే మన కంటికి చేరే వెలుగు వలయం అన్ని మిల్లీమీటర్లు, అదే 10×42లో 4.2. పొద్దున్నే మబ్బు పట్టి ఉన్నప్పుడు జమ్ము గడ్డిలో తిరిగే నీలికోడికీ బొల్లికోడికీ తేడా తెలిసేది ఈ ఒక్క మిల్లీమీటర్ వల్లే అని నాకు గట్టి నమ్మకం.

కానీ బైనాక్యులర్ తీర్చలేని కష్టం ఒకటుంది, చప్పుడు. పిట్టల లెక్కలో చూసేవాటికన్నా వినేవే ఎక్కువ, ముఖ్యంగా చెట్ల మీద ఉండేవి. హెబ్బాళ్ చెరువు దగ్గర ఏడు దాటాక ఫ్లైఓవర్ మీద బండ్లు మొదలైతే టైలర్ బర్డ్ లాంటి గట్టి గొంతుదే సగం వినిపించదు. ఒకసారి నేను ఆదివారం లిస్టునీ బుధవారం లిస్టునీ పక్కపక్కన పెట్టి, వారం మధ్యలో పిట్టలు తగ్గిపోతున్నాయని బాధపడ్డా, చాలా రోజుల తర్వాత అర్థమైంది, తగ్గింది పిట్టలు కాదు, వారం మధ్యలో బండ్ల రొదకి నా చెవికి అందేవి. నెదర్లాండ్స్‌లో లైడెన్ ఊళ్లో గ్రేట్ టిట్ పిట్టలు రణగొణధ్వని ఉన్నచోట పాటలోని కింది స్వరాల్ని పైకి జరుపుకుంటాయని 2003లోనే తేల్చారు, పిట్టలే సర్దుకుంటుంటే లెక్కపెట్టే మనం సర్దుకోకపోతే ఎట్లా. అప్పట్నుంచి ప్రతిసారీ అదే రోజు, అదే టైమ్, ఎంతసేపు ఎంత దూరం నడిచానో కూడా రాస్తున్నా, ఇవి లేకుండా ఉత్త అంకెలు ఎవరికీ పనికిరావు.

రెండో కష్టం మనుషులు. మెళ్లో బైనాక్యులర్ వేసుకుని ఇళ్ల మధ్య నిలబడితే అనుమానం రావడం సహజం, వాళ్ల తప్పేం లేదు. మా వీధి అపార్ట్‌మెంట్‌లో సజ్జ కింద గూడు చూస్తుంటే రెండో అంతస్తు నుంచి ఒకావిడ, మా చిత్తూరు వైపే అనుకుంటా, "ఏమ్మా, ఎవరింట్లోకి చూస్తాండావు?" అని గట్టిగా అడిగింది. "ఇంట్లోకి కాదత్తా, గోరింక పిల్లలకి మేత పెడతాంది, మీరూ చూడండి" అని పైకెళ్లి ఇచ్చా. ఆమె కళ్లద్దాలతోనే పెట్టుకుంది, కళ్లద్దాలుంటే ఐకప్ (కంటికి ఆనే రబ్బరు అంచు) కిందికి తిప్పాలని చూపించా, పసుపు రంగు నోళ్లు తెరిచిన మూడు పిల్లలు కనిపించాక ఇంక తిరిగివ్వలేదు పది నిమిషాలు. ఇప్పుడు గూటి సంగతులు ఆమే నాకు చెప్తుంది. గేటు దగ్గర వాచ్‌మెన్ "ఏన్ నోడ్తిద్దీరా మేడమ్?" (ఏం చూస్తున్నారు) అని కన్నడంలో అంటే కూడా నేను చేసేది అదే, చేతికిచ్చి చూపించడం.

పోయిన సంక్రాంతి తర్వాత రోడ్డు పక్క సెల్ టవర్ మీద గద్ద ఒకటి ఎగరబోయి ఆగిపోతూ ఉంది. ఉత్త కళ్లకి అంతే. బైనాక్యులర్‌లో చూస్తే ఎడమ రెక్క కీలు దగ్గర మాంజా దారం మూడు చుట్లు, దారం కోసుకున్న చోట ఈకలు అతుక్కుపోయి ముదురు ఎరుపు. వెంటనే రక్షించేవాళ్లకి ఫోన్ చేసి ఏ రెక్క, దారం ఎటు కట్టుకుపోయింది అన్నీ చెప్పగలిగా, నిచ్చెనతో వచ్చి దించారు. ఆ ఒక్క రోజుకే పదిహేడు వేలూ వచ్చేసినట్టు అనిపించింది నాకు.

ఇక లోపాలు. రెండో వర్షాకాలంలో కుడి లెన్స్ లోపల సాలెగూడులాంటి మచ్చ వచ్చింది, ఫంగస్. లోపల నైట్రోజన్ నింపారు, తేమ రాదు అని కొనేటప్పుడు చెప్పారు, సర్వీస్‌కిస్తే నెలన్నర తర్వాత పైపైన తుడిచి పంపారు, మళ్లీ ఇస్తే అప్పుడు సరిచేశారు. అప్పట్నుంచి గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెడుతున్నా, మళ్లీ రాలేదు. కూడా వచ్చిన పట్టీతో మెడ లాగేస్తుంది, బరువు 650 గ్రాములు, రెండు గంటలు మోస్తే తెలుస్తుంది, భుజాల మీద వేసుకునే హార్నెస్ కొన్నాక హాయి. ఫోకస్ చక్రం మాత్రం నాలుగేళ్లయినా కొత్తదానిలా తిరుగుతోంది.

చెరువు మధ్యలో దూరంగా ఉన్న బాతుల్ని మాత్రం దీంతో తేల్చలేం, దానికి స్కోప్ (స్టాండ్ మీద పెట్టి చూసే టెలిస్కోప్) కావాలి. అట్లాంటివి నేను "బాతు, ఏదో తెలీదు" అనే రాసేస్తా. మిగతా అన్నిటికీ ఇదే సరిపోతోంది, పాడైతే మళ్లీ 8×42నే కొంటా.