5 హెచ్‌పీ సోలార్ పంపుసెట్టు: ఏ బోరుకు పెట్టాలి, దేనికి వద్దు

కరెంటు లైను ఉన్న బోరుకు ఇది దండగ. ఉచిత కరెంటు వచ్చే ఆంధ్రా, తెలంగాణల్లో సోలార్ పంపులకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే ‘పీఎం కుసుమ్’ పథకం కింద 40 శాతం దాకా వాటా కట్టి, నడుస్తున్న మోటారును మార్చుకోవడంలో లాభం లేదు. స్తంభాలు రాని మెట్టచేలు, పోడు భూముల సంగతి వేరు. అక్కడ పోటీ డీజిల్ ఇంజనుతోనే, గెలుపు సోలార్‌దే. తెలంగాణ 2025లో మొదలుపెట్టిన ‘ఇందిర సౌర గిరి జల వికాసం’ గిరిజన రైతులను ఎంచుకోవడం అందుకే సబబు.

కేంద్ర ప్రమాణాల ప్రకారం 4,800 వాట్ల ప్యానెళ్లున్న 5 హెచ్‌పీ ఏసీ సబ్‌మెర్సిబుల్ (బోరు నీళ్లలో మునిగి నడిచే పంపు), 50 మీటర్ల హెడ్ (నీళ్లను ఎత్తాల్సిన మొత్తం ఎత్తు) మీద మంచి ఎండ రోజున 91,200 లీటర్లు పోయాలి. అదీ ప్యానెళ్లను రోజుకు మూడుసార్లు ఎండవైపు తిప్పితేనే. ఎకరానికి అంగుళం తడికే లక్ష లీటర్లు దాటుతాయి కాబట్టి వరి మీద ఆశ వద్దు. డ్రిప్పు మీద మిరప, టమాటా, మామిడికి హాయిగా సరిపోతుంది.

హెడ్ 100 మీటర్లయితే నీళ్లు సగానికంటే తగ్గిపోతాయి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వానలప్పుడు నీటిమట్టం చూసి పంపు రాయించుకుంటారు, ఏప్రిల్‌లో ధార సన్నబడగానే ప్యానెళ్లను తిడతారు. ఎండాకాలంలో, మోటారు నడుస్తుండగా నీళ్లు ఎంత లోతుకు దిగుతాయో ఆ లోతే లెక్క. దానికి తొట్టి ఎత్తు, పైపు రాపిడి కలపాలి.

బిగించిన రోజు మిట్టమధ్యాహ్నం 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూడండి. 50 మీటర్ల హెడ్ మీద సుమారు నిమిషంలో నిండాలి. రెండు నిమిషాలు పడితే పని పూర్తయిందన్న కాగితం మీద సంతకం పెట్టకండి.

ప్యానెళ్లను వరుసగా ఒకదానికొకటి కలుపుతారు కాబట్టి ఒక్కదానిపై వేపకొమ్మ నీడ పడినా ధార తగ్గుతుంది. దుమ్ము పదిహేను రోజులకోసారి, ఎండెక్కకముందే కడగాలి. ఉప్పు నీళ్లతో కడిగితే అద్దం మీద తెల్లపొర కడుతుంది, గుడ్డతో తుడిచెయ్యాలి. ప్యానెళ్ల వైర్లలో పగలంతా 400 వోల్టులు దాటిన డీసీ కరెంటు ఉంటుంది, స్విచ్ ఆపినా ప్యానెళ్ల వైపు చావదు. ఎలకలు కొరికిన వైరు ముట్టుకోవద్దు. ఎర్తింగ్ గుంత ఎండిపోతే పిడుగుకు మొదట పోయేది, ప్యానెళ్ల కరెంటును మోటారుకు అందించే కంట్రోలర్ పెట్టే.

అయిదేళ్ల నిర్వహణ కంపెనీదే. అయినా కంట్రోలర్ పాడైతే మరొకటి మీ జిల్లాలో ఉందా, ఎన్ని రోజుల్లో తెస్తారన్నది వాటా కట్టకముందే కాగితం మీద రాయించుకోండి. పూతమీదున్న మిరప వారం ఆగదు.