గోసెరెలిన్ 3.6 మి.గ్రా. ఇంజెక్షన్: మూడేళ్లు దాటాక నా అనుభవం

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాక మొదలుపెట్టిన మందు ఇది. నాది ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోనుతో పెరిగే రకం. అప్పటికి నాకు నలభై నిండలేదు, నెలసరి వస్తూనే ఉంది. అందుకని అండాశయాల పని ఆపడానికి ఈ ఇంజెక్షన్, దాంతోపాటు ఒంట్లో మిగతా చోట్ల ఈస్ట్రోజన్ తయారవకుండా చూసే లెట్రోజోల్ మాత్ర రోజూ.

అందరూ మొదట అడిగేది సూది గురించే. మామూలు సూది కంటే బాగా లావు. లోపల ఉండేది నీళ్ల మందు కాదు, బియ్యపు గింజంత కడ్డీ. బొడ్డు కింద చర్మం లోపలికి పంపిస్తే మెల్లగా కరుగుతూ 28 రోజులు పనిచేస్తుంది. కాసేపు ఐసు పెట్టుకుంటే నొప్పి బాగా తగ్గుతుంది. కొత్త సిస్టర్లు అలవాటు కొద్దీ గాలి బుడగ తీయబోతారు. దీనికి తీయకూడదు, కడ్డీ బయటికి జారిపోవచ్చు. నేను ప్రతిసారీ ముందే చెప్పేస్తాను. 25 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచకూడదు కాబట్టి, మా విజయవాడ ఎండల్లో మెడికల్ షాపు నుంచి నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్తాను.

నెలకోసారి అని గుర్తుపెట్టుకోకండి, తేదీ జారిపోతుంది. నాలుగు వారాలు అనుకోండి. నాది గురువారం. పెళ్లిళ్లున్నా, పరీక్షలున్నా నాలుగు వారాలకోసారి వచ్చే ఆ గురువారం మాత్రం మారదు. ఇంత పట్టుదల ఎందుకంటే, అండాశయాలు మళ్లీ మేలుకుని ఈస్ట్రోజన్ తయారుచేస్తే లెట్రోజోల్ పనిచేయదు. మధ్యలో కాస్త రక్తం కనిపించినా ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. రక్తంలో ఈస్ట్రోజన్ ఎంతుందో చూసే ఎస్ట్రడయాల్ పరీక్ష చేస్తారు.

ఈ సూదితో నెలసరి ఆగిపోయి మెనోపాజ్ వచ్చినట్టవుతుంది. దాని గురించి నాకు కోపం తెప్పించే మాట ఒకటుంది: "వయసొస్తే అందరికీ వచ్చేదేగా అమ్మా!" అందరికీ అది ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. మనకి వారాల్లో వచ్చి పడుతుంది. అర్ధరాత్రి మెడ వెనక మొదలైన ఆవిరి తలదాకా ఎక్కి, నైటీ తడిసి ముద్దయ్యేది. ఫ్యాను కింద కూర్చుంటే మళ్లీ చలి. పొద్దున్నే ఇడ్లీ పిండి డబ్బా మూత తీద్దామంటే వేళ్లు వంగేవి కావు. కీళ్ల పట్టులో ఎక్కువ భాగం లెట్రోజోల్ వల్లేనట. ఓర్చుకోవాలని ఎక్కడా రాసిలేదు. ఆవిర్లకి తక్కువ మోతాదు వెన్లాఫాక్సిన్ రాశారు, రాత్రుళ్లు నిద్ర పట్టింది. కీళ్లకి రోజూ నడకే నాకు మందు. భార్యాభర్తల మధ్య ఇబ్బంది ఉంటుంది, యోని పొడిబారుతుంది. సిగ్గుపడకుండా అడగండి, హార్మోను లేని జెల్లులు దొరుకుతాయి. హార్మోను క్రీములు మాత్రం క్యాన్సర్ డాక్టర్ని అడగకుండా వాడొద్దు.

ఈ మందులతో ఎముకలు పలచబడతాయన్న సంగతి మొదట్లో నాకెవరూ చెప్పలేదు. రెండో ఏడు వేరే డాక్టరు ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ రాస్తే, ఎముక అప్పటికే పలచబడిందని తేలింది. ఇప్పుడు ఆరు నెలలకోసారి ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్, రోజూ కాల్షియం, విటమిన్ డి. మీరు మాత్రం ఇంజెక్షన్ మొదలుపెట్టేటప్పుడే డెక్సా చేయించమని గట్టిగా అడగండి. జోలెడ్రోనిక్‌కి ముందు పళ్లు కూడా చూపించుకోండి.

ఖర్చు భరించలేక, తిరగలేక లాప్రోస్కోపీ (చిన్న గాట్లతో చేసే ఆపరేషన్)లో అండాశయాలు తీయించుకున్నవాళ్లూ ఉన్నారు. అదీ మంచి దారే, కానీ తీశాక వెనక్కి రావడం ఉండదు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు తొందరపడొద్దు. నేనైతే ఐదేళ్లూ సూదితోనే పూర్తిచేస్తాను.